మిసెస్ హాబ్ కోటు మీది పసుపు

"మస్టర్డ్ కాదు. ముందు ఆ మాట కొట్టెయ్యి" అన్నాను. హారియెట్ చేతిలో కాగితం, ఒళ్ళో పొడుగాటి అట్టపెట్టె పట్టుకుని మా ముందుగది సోఫాలో ముడుచుకుని కూర్చుంది. పాతికేళ్ళ పిల్ల, మర్యాదస్తురాలు, వస్తూ వస్తూ పూలు కూడా తెచ్చింది. నా గొంతు అంత గట్టిగా వస్తుందని ఆ పిల్లే కాదు, నేనూ అనుకోలేదు. లండన్ శివారు హౌన్స్‌లోలో ఈ ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే ఉంటాం. నాకు అరవై దాటాయి, అమ్మకి ఎనభై ఆరు. ఆవిడ వెచ్చగా ఉంటుందని రేడియేటర్ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. ఈ దేశంలో పప్పులో రాళ్ళుండవమ్మా అని నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. "ఉండవని నువ్వు చూశావా?" అంటుంది. నా అరుపుకి తల కూడా ఎత్తకుండా ఏరుకుంటూనే ఉంది.

'రింగ్ ఫర్ అటెన్షన్' గురించి ఈ దేశంలో ఒక వయసు దాటినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను. టీవీలో పద్నాలుగు సిరీస్‌లు నడిచిన హాస్య నాటిక అది. రైల్వేస్టేషన్‌లో జనం పోగొట్టుకున్న గొడుగులూ పెట్టెలూ కట్టుడుపళ్ళూ దాచే ఆఫీసు, దానికి అధికారిణి మిసెస్ హాబ్. ఆవిడకి ఒక మీగడ రంగు కోటు, ఆ కోటు కుడిచేతి మడత మీద పసుపుపచ్చ మరక. ఎవరైనా వచ్చి తమ సామాను ఎప్పుడు పోయిందో గుర్తులేదంటే, ఆవిడ నింపాదిగా ఆ మరకని వాసన చూసుకుని, అది ఏ రోజు తిండిదో తేల్చినట్టు "ట్యూజ్‌డే" అనేది. అంతే. ఆ ఒక్క మాటకి జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. టీ కప్పుల మీద ఆ మాట, తువ్వాళ్ళ మీద ఆ మాట. మిసెస్ హాబ్ వేషం వేసిన ఐరిస్ పోయిన చలికాలంలో కన్నుమూసింది. అందుకని ఆ నాటిక తయారైన కథంతా చెబుతూ ఒక ప్రదర్శన పెడుతున్నారు. హారియెట్ పని అదే.

పెట్టెలో ఉన్నది ఆ కోటే. చిక్కు ఏమిటంటే, ఏళ్ళ తరబడి అద్దాల బీరువాలో, దీపాల కింద ఉండి ఉండి మరక పూర్తిగా వెలిసిపోయింది. నిజం మస్టర్డ్, అంటే ఇక్కడివాళ్ళు రొట్టెకి రాసుకునే ఆవముద్ద, ఒక గుడ్డముక్కకి రాసి చూశారట, మర్నాటికి గోధుమరంగుకి తిరిగిందట. రంగు పూసి చూస్తే రంగు పూసినట్టే ఉందట. స్టూడియోలో పనిచేసిన ముసలాయన ఒకాయన, ఆ మరక ప్రతి సిరీస్‌కీ రీటా అనే ఆవిడ పెట్టేది, హౌన్స్‌లోలో ఉంటుంది, వెళ్ళి ఆవిణ్ణే అడగండి అన్నాడట. రీటా అంటే మా అమ్మ. అసలు పేరు సీతారత్నం. ఆ పేరు పలకడం ఎవరికీ చేతకాక మొదటివారంలోనే రీటా చేశారు. హారియెట్ తెచ్చిన కాగితం కోటు పక్కన పెట్టబోయే ఫలకం. అందులో రీటా కూడా లేదు. వార్డ్‌రోబ్‌లో, అంటే నటుల బట్టలు చూసే చోట, పనిచేసే ఒకావిడ భోజనం చేస్తూ కోటు మీద మస్టర్డ్ ఒలకబోసుకుందనీ, ఆ పొరపాటులోంచి రచయితగారు గొప్ప హాస్యం పుట్టించారనీ ఉంది. చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. అందరి మీదా కాదు, ముందు నా మీద నాకే.

మేము ఇక్కడికి వచ్చేసరికి నాకు పదేళ్ళు. నాన్న ఎయిర్‌పోర్ట్‌లో సరుకు దించే షెడ్డులో పనిచేసేవాడు. ఆయన షిఫ్టుల పట్టిక ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉండేది, ఇల్లంతా దాన్ని బట్టే నడిచేది. గుడివాడలో అమ్మ పెళ్ళికి ముందే కుట్టుపని నేర్చుకుంది. ఇక్కడ మొదట ఇరుగుపొరుగువాళ్ళ ప్యాంట్లు కురచ చేసింది, కర్టెన్లు కుట్టింది. ఆ కర్టెన్లు చూసినావిడెవరో చెబితే టీవీ స్టూడియోలో వార్డ్‌రోబ్ పని దొరికింది. బట్టలు కుట్టడం, సరిచెయ్యడం, ఇస్త్రీ చెయ్యడం. సాయంత్రం ఇంటికి వస్తే ఆవిడ ఒంటినిండా తడిసిన ఉన్నిబట్ట వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన. పది నిమిషాల్లో పోపు పడేది, ఆ వాసనలన్నీ ఇంగువలో కలిసిపోయేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఉన్ని కోటు మీద ఇస్త్రీపెట్టె పెడితే నాకు ఆకలేస్తుంది.

మా ఇంట్లో కొత్తబట్ట అంటే, మూలకి పసుపు పెట్టందే ఎవరి ఒంటి మీదకీ వెళ్ళకూడదు. నా స్కూలు బ్లేజర్‌కి పెట్టింది, నాన్న యూనిఫాం చొక్కాకి పెట్టింది, ఆఖరికి మేజోళ్ళకి కూడా పెట్టింది. "మేజోళ్ళకేంటమ్మా!" అంటే, "కాళ్ళు చల్లగా ఉండక్కర్లేదా?" అనేది. స్కూల్లో ఒక పిల్ల మీ అమ్మ వేళ్ళు ఎందుకలా ఉంటాయి, ఏదైనా జబ్బా అని అడిగింది. తల తీసేసినట్టయింది. ఆ రోజు బాత్రూంలోకి వెళ్ళి బ్లేజర్ మూల సబ్బు పెట్టి రుద్దాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని నాకేం తెలుసు! మరక రక్తంలా తయారైంది. మిగతా టర్మంతా ఆ మూలని గుప్పిట్లో దాచుకుని తిరిగాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పదహారేళ్ళు వచ్చేసరికి నాకు పసుపంటే సిగ్గు. పసుపుతో పాటు అమ్మంటే కూడా కొంచెం సిగ్గే. రాసుకోండి, ఇందులో దాచేది ఏమీ లేదు.

ఇక ఆ నాటిక తయారయ్యే పద్ధతి చెప్పాలి. వారానికొక కథ. రిహార్సళ్ళు స్టూడియోలో కాదు, ఒక చర్చి హాల్లో. నేలమీద రంగు టేపులు అంటించి ఇది గోడ, ఇది తలుపు, ఇది మిసెస్ హాబ్ బల్ల అనుకుని, లేని తలుపులు తీసుకుంటూ వారమంతా ఆడేవాళ్ళు. శుక్రవారానికి స్టూడియోలో నిజం గోడలు లేచేవి. సాయంత్రం జనాన్ని తెచ్చి మెట్ల బెంచీల మీద కూర్చోబెట్టి, వాళ్ళ ముందు ఆడి రికార్డు చేసేవాళ్ళు. టీవీలో మీరు విన్న నవ్వులు వాళ్ళవే. ఏదైనా తప్పు జరిగితే అదే ముక్క మళ్ళీ ఆడేవాళ్ళు. ఒకసారి నవ్విన జోకుకి జనం రెండోసారి నవ్వాలి కదా, ఎక్కడ నవ్వుతారు! అందుకని పొరపాటంటే అందరికీ భయం. నేను శుక్రవారాలు స్కూలు నుంచి నేరుగా వెళ్ళి, జనంలో కూర్చుని చూసి, అమ్మతో బస్సులో ఇంటికి వచ్చేదాన్ని. అమ్మకి అప్పటికి ఇంగ్లీషు అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. ఏదైనా గట్టి సంగతి వస్తే నన్ను పిలిచేవాళ్ళు.

మొట్టమొదటి కథ రికార్డింగ్ నాకు పదహారేళ్ళప్పుడు. ఇది బాగుంటేనే మిగతావి, లేకపోతే ఇంతే సంగతులు అని అందరికీ తెలుసు. కోటు డిజైన్ డెరెక్ అనే ఆయనది, కత్తిరించి కుట్టింది అమ్మ. వారం రోజులు మా ఇంట్లోనే, మా కుట్టుమిషను మీదే కుట్టింది. నాన్నని కూడా ఆ గదిలోకి కూరచేత్తో రానివ్వలేదు. పూర్తయ్యాక, అలవాటు ప్రకారం, పైకి కనపడకుండా కుడిచేతి అంచు లోపలివైపు పసుపు పెట్టింది. ఎవరికి తెలుస్తుంది అనుకుంది. దీపాల కింద ఐరిస్‌కి ఉక్కపోసి, ఆట మధ్యలో ఎవరినీ అడక్కుండా కోటు చేతులు పైకి మడుచుకుంటుందని ఆవిడేం కలగందా! బల్లమీది గంట మీద ఐరిస్ చెయ్యి వేసేసరికి కెమెరా దగ్గరగా వెళ్ళింది. మీగడ రంగు మీద బొటనవేలంత పసుపు ధగధగలాడింది.

ఆట ఆపేశారు. పై గదిలోంచి ప్రొడ్యూసర్ మెట్లు దిగి వచ్చాడు. డెరెక్ మొహంలో నెత్తురుచుక్క లేదు. జనంలోంచి నన్ను పిలిచారు. అక్కడ కెమెరాలవాళ్ళూ నటులూ వడ్రంగులూ అందరూ మా చుట్టూ నిలబడ్డారు. బెంచీల మీద జనం మెడలు సాచి చూస్తున్నారు. ప్రొడ్యూసర్ ఆ కోటు అంచు పట్టుకుని, "ఏమిటిది, ఎవరు చేశారు, కనుక్కో" అన్నాడు. అమ్మ బెదరలేదు. తప్పు చేశానని అనుకుంటే కదా బెదరడానికి! "నేనే పెట్టానమ్మా. కొత్తబట్టకి పసుపు పెట్టానని చెప్పు. ఆ పిల్ల చల్లగా ఉండాలని పెట్టానని చెప్పు" అంది. ఐరిస్ వైపు చూసి నవ్వింది కూడా.

నేను ఆ మాట చెప్పలేదు. పసుపుకి ఇంగ్లీషు మాట తెలియక కాదు. చెబితే అందరూ అమ్మ వేళ్ళ వైపు చూస్తారు. ఏ దేశపు పిచ్చి ఇది అంటారు. పని తీసేస్తారు. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. ఎవరైనా చేసే పొరపాటైతే క్షమిస్తారనిపించింది. ఆ ఊళ్ళో అందరూ తినేదేదో అదే నోటికొచ్చింది. "మస్టర్డ్ అండీ. మధ్యాహ్నం సాండ్‌విచ్ తింటూ అదే చేత్తో కోటు పట్టుకుందట. చాలా బాధపడుతోంది" అన్నాను.

మస్టర్డ్ అన్న మాట అమ్మకి తెలుసు, సాండ్‌విచ్ అన్న మాటా తెలుసు. నవ్వు మొహం అలాగే ఉండి, అందులోంచి నవ్వు మాత్రం పోయింది. కానీ అక్కడ ఎవరూ ఆవిణ్ణి చూడటం లేదు. ఐరిస్ తన చెయ్యి ఎత్తి వాసన చూసింది. ఒక్క క్షణం కనుబొమలు ముడిచింది. తర్వాత ప్రొడ్యూసర్ వైపు తిరిగి, జనానికి వినపడేలా "ట్యూజ్‌డే" అంది. బెంచీలు విరిగిపోతాయా అన్నట్టు నవ్వారు. ప్రొడ్యూసర్ కూడా నవ్వాడు. రచయిత అప్పటికప్పుడు ఆ ముక్క రాసేశాడు, మళ్ళీ ఆడారు, జనం రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువ నవ్వారు. డెరెక్ వచ్చి అమ్మ భుజం తట్టాడు. పని నిలబడింది. నాటికా నిలబడింది. నేనేదో ఘనకార్యం చేసినట్టు బస్టాపు దాకా ఎగురుకుంటూ నడిచాను.

అమ్మ ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం వడ్డించి, నేను రెండు ముద్దలు తిన్నాక అడిగింది. "నేను ఎంగిలి చేత్తో గుడ్డ పట్టుకున్నానని చెప్పావా పద్మా?" "నీ ఉద్యోగం పోతుందని చెప్పానమ్మా" అన్నాను. "పోతే పోయేది. ఇంకోటి చూసుకునేదాన్ని. పాతికేళ్ళుగా కుడుతున్నాను, చేతులు కడుక్కోకుండా సూది ముట్టుకోలేదు నేను. పదిమందిలో నా చేతులు మురికి చేతులని చెప్పావు" అంది. అరవలేదు, ఏడవలేదు. లేచి పెరుగు తెచ్చి వేసింది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత పద్నాలుగు సిరీస్‌లు. మరక ఎప్పటికప్పుడు వెలిసిపోయేది, ప్రతి సిరీస్ మొదటిరోజూ "రీటా, మస్టర్డ్ పెట్టు" అనేవాళ్ళు. దానికని వార్డ్‌రోబ్ అలమరలో ఒక మస్టర్డ్ సీసా కొనిపెట్టారు. అమ్మ దాని మూత కూడా తియ్యలేదు. ఇంటి నుంచి చిన్న డబ్బాలో పసుపు పట్టుకెళ్ళేది. ఐరిస్ ఏడాదికేడాదికీ లావైంది. అమ్మ కుట్టు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలిపెట్టింది కాబట్టి, విప్పి కుడుతూ అదే కోటు ఆఖరి కథ దాకా నడిపించింది. నడుమ ఛానల్ వాళ్ళు ఆపేద్దామనుకున్నారు, జనం ఉత్తరాలు రాసి బతికించారు. రచయితగారు ఇంటర్వ్యూలలో మస్టర్డ్ గురించి చెప్పినప్పుడల్లా కథ పెరిగేది. ఒకసారి ఆవిడ తింటున్నది పోర్క్ పై, అంటే పందిమాంసం కూరిన రొట్టె, అన్నాడు. మా అమ్మ, గుడ్డు కూడా ముట్టని మనిషి! నేను అన్నీ చదివాను, అన్నీ దాచాను. ఒక్క ఉత్తరం ముక్క రాసి అది అబద్ధమని చెప్పలేదు. చెబితే ఆ అబద్ధం ఎవరిదో కూడా చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు హై స్ట్రీట్‌లో ఏ కాఫీ కొట్టుకి వెళ్ళినా పసుపు కలిపిన పాలు నురగ తేల్చి ఇస్తున్నారు. పక్కింట్లో అద్దెకుండే మన విద్యార్థులు, కరీంనగర్ పిల్లలు, కొత్త చొక్కాకి పసుపు పెట్టి ఫొటో తీసి అందరికీ పంపుకుంటున్నారు. వాళ్ళకి సిగ్గు లేదు, ఉండక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ వాసనకి బస్సులో అమ్మ పక్క సీటు ఖాళీగా ఉండేది. రోజులు మారాయి, మంచిదే. కానీ రోజులు వాటంతటవే మారితే నా అబద్ధం కూడా దానంతటదే మాఫీ అవుతుందా? కాదు. అందుకే హారియెట్ దగ్గర మొత్తం చెప్పేశాను. మస్టర్డ్ లేదు, సాండ్‌విచ్ లేదు, అది నేను పుట్టించిన కథ అని.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో, పుస్తకం అచ్చయిపోయింది. ప్రదర్శన దగ్గర అమ్మడానికి చిన్న చిన్న మస్టర్డ్ సీసాలు కూడా చేయించారు. అభిమానులకి మస్టర్డ్ అంటేనే ఇష్టం" అంది.

"అయితే ఆ సీసాల్లోంచే తీసి రాసుకోండి. కోటు పట్టుకెళ్ళు" అన్నాను.

"చిన్న మార్పేదైనా..."

"చిన్నా పెద్దా లేదు. పసుపు అని రాయాలి. పెట్టింది సీతారత్నం అని రాయాలి. రీటా కాదు. సాండ్‌విచ్ అని అబద్ధం చెప్పింది ఆవిడ కూతురని రాయాలి. నా పేరు పద్మ. అదీ రాయి. మీకు మరక కావాలో, మస్టర్డ్ కావాలో తేల్చుకోండి."

హారియెట్ సంచీలోంచి పెన్ను తీసి మస్టర్డ్ అన్నచోటల్లా కొట్టేసింది. "ఆఫీసులో ఒప్పుకుంటారో లేదో తెలియదు. పోట్లాడతాను" అంది. సీతారత్నం అన్న పేరు ఒక్కో అక్షరం నన్నడిగి రాసుకుంది.

అప్పుడు అమ్మ చేట పక్కన పెట్టింది. "ఐరిస్‌కి తెలుసు" అంది తెలుగులో.

"ఏం తెలుసు?"

"మస్టర్డ్ కాదని. మూడో సిరీస్‌లో అడిగింది. ఆ ఘాటు లేదే రీటా, ఏంటిది అంది. వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నువ్వు చల్లగా ఉండాలని పెడతాను అన్నాను. అప్పట్నించీ మొదటిరోజు పొద్దున్నే తనే వచ్చి చెయ్యి చాపేది."

"నాకెందుకు చెప్పలేదమ్మా!"

"నువ్వు అడిగావా?"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆ అబద్ధాన్ని మోస్తున్నది నేనొక్కదాన్నే. హారియెట్ కంగారుపడి, తెల్లటి చేతితొడుగులు వేసుకుని కోటు బయటికి తీసింది. ఆవిణ్ణి మరక పెట్టమనండి, ప్రదర్శనలో బొమ్మకి తొడుగుతాం అంది. అమ్మ ససేమిరా అంది. "బొమ్మకి పసుపేంటే? తొడుక్కునే మనిషేదీ?"

"నేను తొడుక్కుంటాను" అన్నాను.

హారియెట్ నోరు తెరిచింది. ఆ కోటు ఎవరూ వేసుకోకూడదట, నిబంధనలున్నాయట. మా ఇద్దరి మొహాలు చూసి ఏమనుకుందో, నోరు మూసుకుని తనే కోటు ఎత్తి పట్టుకుంది. చేతులు దూర్చాను. ఐరిస్ లావు మనిషి, నాకు వదులుగా వేలాడింది. పాత ఉన్ని వాసన. పదహారేళ్ళప్పుడు కోటు లోపల ఏముందో దాచాను, ఇప్పుడు నేనే ఆ కోటు లోపల ఉన్నాను. కుడిచెయ్యి చాపి నిలబడ్డాను.

అమ్మ వెంటనే పెట్టలేదు. కర్ర పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపు కడుక్కుంది, సబ్బుతో ఒకసారి, వట్టి నీళ్ళతో ఒకసారి. కొంగుతో తుడుచుకుని, పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, ముందు హారియెట్ ఎదురుగా నిలబడి, రెండు అరచేతులూ విప్పి చూపించింది. ముడతలు పడి, శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు అమ్మకి ఇంగ్లీషు రాక కాదు. ఆసుపత్రిలో డాక్టరుతో పోట్లాడేంత వచ్చు. అయినా నా వైపు తిరిగి, తెలుగులోనే అంది.

"చేతులు కడుక్కున్నానని చెప్పు."

చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు.